తోలు పట్టా నుండి పళ్ళ పట్టా వరకు

రాట్నము త్రిప్పిన వారందరికి ఒక సంగతి తెలిసియుండును. పెద్ద చక్రమును కదురుతో కలుపు తాడు వదులైనచో కదురు వేగము తగ్గును, నూలుకు పురి చాలదు. వడికెడువారు దానిని వెంటనే గ్రహించి తాడు బిగించుకొందురు. తెగినచో మరియొకటి కట్టుకొందురు. నష్టము ఒక తాడు మాత్రమే. చక్రమునకు గాని కదురునకు గాని హాని కలుగదు.

నేటి కార్లలో పెక్కింటి యంత్రములందు ఇట్టి తాడే మరియొక రూపమున కలదు. దానిని టైమింగ్ బెల్టు అందురు. అది తెగినచో కొన్ని యంత్రములు ఒక్క క్షణములో పనికిరాకుండ పోవును. తాడు ఒక్కటే అయినను ఫలితములో ఇంత భేదమేల? దీనికి సమాధానము ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పనిముట్లలోనే దొరకును.

ఆదోని జిన్నింగు మిల్లులు

కర్నూలు జిల్లా పడమటి భాగములోని నల్లరేగడి నేలలు పత్తికి పేరుపొందినవి. బళ్లారి, కర్నూలు, అనంతపురం ప్రాంతముల పత్తిని పూర్వము వర్తకులు ‘వెస్టర్న్సు’ అని పిలిచెడివారు. 1871లో మద్రాసు, బొంబాయి రైలు మార్గములు రాయచూరు వద్ద కలిసినవి. ఆదోని ఆ మార్గము మీదనే ఉన్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు బళ్లారి జిల్లాలో ఉండిన ఈ పట్టణము, పత్తి గింజలు తీయుటకును, బేళ్ళు కట్టుటకును కేంద్రమైనది.

1840లో అమెరికాలో మెకార్తీ పేటెంటు పొందిన రోలరు జిన్ను మన దేశమున విరివిగా వ్యాపించెను. పాతకాలపు జిన్నింగు మిల్లులలో ఒక్క పెద్ద యంత్రము ఒక పొడవాటి ఇరుసును త్రిప్పుచుండెడిది. ఆ ఇరుసు మీది కప్పీల నుండి ఒక్కొక్క జిన్నుకు ఒక్కొక్క పట్టా పోయెడిది. బల్లపరుపుగా నుండు ఈ పట్టా కేవలము రాపిడి బలముతో పనిచేయును. జిన్నులో ఏదైన అడ్డుపడినచో పట్టా జారును, లేదా కప్పీ నుండి ఊడిపడును. ఆ ఒక్క జిన్నే ఆగును, తక్కినవి తిరుగుచునే యుండును. అనగా జారుట ఇచ్చట లోపము కాదు, రక్షణ. పైగా పట్టా అందరి కంటి ఎదుటనే యుండెడిది. అంచులు పీలికలైనను, కుట్టు వదలినను పనివాడు చూచి సరిచేసెడివాడు.

ఎమ్మిగనూరు మగ్గము

ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. 1938లో మాచాని సోమప్పగారి కృషితో ఇచ్చట నేతగాండ్ర సహకార సంఘము ఏర్పడినది. మగ్గము వద్ద నిలిచి చూచినచో మరియొక సూత్రము తెలియును. కాలితో త్రొక్కగా పడుగు రెండు పాయలుగా విడును. ఆ సందులో నాడె ఈ కొసనుండి ఆ కొసకు పోవలెను. నాడె దాటకమునుపే పడుగు మూసికొనినచో దారములు తెగును. ఇచ్చట బలముకంటె సమయము ముఖ్యము. చేతిమగ్గములో ఆ సమయమును పాటించునది నేతగాని కాలుచేతులే.

కారు యంత్రములో జరుగునది దాదాపు ఇదే. సిలిండరులో ముషలకము పైకి వచ్చునప్పటికి కవాటములు దారి తొలగి యుండవలెను. కవాటములను తెరచునది కామ్ షాఫ్టు. ముషలకములతో కూడి తిరుగునది క్రాంకు షాఫ్టు. రెండవది రెండు చుట్లు తిరుగునప్పుడు మొదటిది సరిగా ఒక్క చుట్టు తిరుగవలెను. క్రాంకు షాఫ్టు నిమిషమునకు 3,000 చుట్లు తిరిగినచో ఒక్కొక్క కవాటము సెకనుకు 25 సార్లు తెరచుకొనును. ఈ పనిలో జారుట ఏమాత్రము పనికిరాదు. అందువలన పూర్వము ఇందుకు పళ్ళ చక్రములను, గొలుసులను వాడిరి. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్లలో చిరకాలము పనిచేసినది గొలుసే.

కుట్టు మిషను నుండి కారునకు

1940 దశాబ్దములో అమెరికాలో రిచర్డ్ కేస్ అను ఇంజనీరు కుట్టు మిషనులో పై సూదిని, క్రింది దారపు కండెను సరియైన సమయమునకు కలుపుటకై పళ్ళుగల రబ్బరు పట్టాను రూపొందించెను. పట్టాపళ్ళు కప్పీపళ్ళలో ఇమిడిపోవుటచే అది జారదు. గొలుసువలె చప్పుడు చేయదు, నూనె కోరదు. 1962లో జర్మనీలో తయారైన గ్లాస్ 1004 కారు దీనిని పెద్దయెత్తున వాడిన మొదటి కారు. 1966లో ఫియట్ 124 స్పోర్టు వంటివి ఆ దారి పట్టినవి. 1983 డిసెంబరులో మన దేశమున వెలువడిన మారుతి 800తో ఈ పట్టా సామాన్య కుటుంబముల కార్లలోనికి వచ్చినది.

రబ్బరు వార్ధక్యము

1839లో గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు పద్ధతిని కనుగొనెను. అట్లు గట్టిపడిన రబ్బరును కూడ ఆమ్లజని, ఓజోను మెల్లమెల్లగా మార్చుచునే యుండును. కృత్రిమ రబ్బరులు వీటిని మరింత కాలము ఓర్చుకొనును గాని పూర్తిగా తప్పించుకొనలేవు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో పెక్కు రసాయన చర్యల వేగము సుమారు రెట్టింపగును. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఆదోనిలో ఈ మార్పు చల్లని ప్రదేశములకంటె త్వరగా జరుగును. కారు నడచినను, నిలిచియున్నను ఈ చర్య ఆగదు.

ఒక ఉదాహరణ చూతము. ఆదోని నుండి ఎమ్మిగనూరు సుమారు 30 కిలోమీటర్లు. ఒక వర్తకుడు వారమునకొకసారి మాత్రము కారులో పోయి వచ్చుచున్నాడనుకొందము. వారమునకు 60, ఏడాదికి సుమారు 3,100 కిలోమీటర్లగును. పట్టా గడువు లక్ష కిలోమీటర్లని విని ఆ అంకెకై వేచియున్నచో 32 ఏండ్లు పట్టును. అన్ని ఏండ్లు ఏ రబ్బరును నమ్మదగదు. అందుచేతనే కారు తయారుచేయువారు కిలోమీటర్లతోపాటు సంవత్సరములను కూడ గడువుగా చెప్పుట కలదు. రెంటిలో ముందు వచ్చినదే లెక్కకు తీసికొనవలెను.

నిర్ణయము

కావున పాతదై, తక్కువ నడచిన కారు గలవారు మొదట చూడవలసినది దూరపు మీటరు కాదు, పట్టా వేసిన తేది. కారుతోపాటు వచ్చిన పుస్తకములో దాని గడువు ఉండును. చేతులు మారిన కారుకు ఆ తేది తెలియనిచో గడువు మీరినదనియే భావించుట క్షేమము. మూత విప్పి చూచినప్పుడు పగుళ్ళు, అరిగిన పళ్ళు, నూనె మరకలు కనిపించినచో తక్షణమే మార్చవలెను. కాని అవి లేకున్నంత మాత్రమున పట్టా గట్టిదని చెప్పరాదు; లోపలి దారములు కంటికి కనబడవు. పట్టాను బిగించియుంచు కప్పీని, నీటి పంపు ఆ పట్టాతోనే తిరుగునదైనచో దానిని కూడ అప్పుడే పరీక్షింపవలెను.

పట్టా తెగినప్పుడు కవాటములకు, ముషలకమునకు నడుమ ఎడముగల యంత్రము ఆగిపోవును. క్రొత్త పట్టాతో మరల నడచును. ఎడము లేనిచో తెరచియున్న కవాటములను ముషలకము కొట్టి వంచును. ఆ మరమ్మతు ఖర్చు ముందు పట్టా ఖర్చు స్వల్పము.

రాట్నపు తాడు వదులైనప్పుడు కదురే చెప్పును. మిల్లు పట్టా కంటి ఎదుటనే చినుగును. మూతక్రింద దాగిన ఈ పళ్ళ పట్టా మాత్రము ముందుగా చెప్పకయే తెగవచ్చును. దాని తరపున క్యాలెండరు చెప్పు మాటను వినవలెను.