ఫ్రెంచ్–పాలిటిక్స్ జంట డిగ్రీ: మూడో ఏడాదే కీలకం
బ్రిటన్ యూనివర్సిటీల్లో ఫ్రెంచ్, రాజకీయ శాస్త్రం రెండూ కలిపి చదివే బీఏ ఆనర్స్ కోర్సు ఇది. ఇంగ్లండ్‌లో సాధారణ డిగ్రీ మూడేళ్లు. ఇది మాత్రం చాలాచోట్ల నాలుగేళ్లు. మూడో ఏడాది ఫ్రాన్స్‌లోనో, ఫ్రెంచ్ మాట్లాడే మరో దేశంలోనో గడపాలి. 1958 నాటి ఐదో రిపబ్లిక్ రాజ్యాంగాన్ని, అధ్యక్షుడు–ప్రధాని మధ్య అధికార పంపకాన్ని అనువాదాలతో పనిలేకుండా నేరుగా ఫ్రెంచ్‌లోనే చదవగలగడం ఈ కోర్సు ప్రయోజనం.

బ్రెగ్జిట్ దెబ్బ ఆ మూడో ఏడాదిపైనే పడింది. ఎరాస్మస్ పథకం నుంచి తప్పుకున్న బ్రిటన్, 2021లో సొంతంగా ట్యూరింగ్ పథకం తెచ్చింది. ఫ్రాన్స్‌లో 90 రోజులకు మించి ఉండాలంటే బ్రిటిష్ పాస్‌పోర్టుతో వెళ్లేవారికీ ఇప్పుడు వీసా కావాలి. భారత విద్యార్థులకు ఇది కొత్త కాదు. అయితే బ్రిటన్ వీసాతోపాటు ఫ్రాన్స్ వీసా ఖర్చునూ ముందే లెక్కలో వేసుకోవాలి.