పోపుల డబ్బాలో చెయ్యి

సంక్రాంతి వచ్చిందంటే మా కొల్లేటి ఊళ్లలో కోడిపందాల బరులు వెలుస్తాయి. ఎవరి పుంజు గెలిచిందో ఊరంతా చెప్పుకుంటుంది. పండగ వెళ్లాక తాకట్టుకు వెళ్లే గాజుల సంగతి మాత్రం ఆ ఇల్లాలికే తెలుసు. 1974 నాటి గేమింగ్ చట్టం ఇలాంటి జూదాన్ని నేరమంది. సరే, ఆ చాప ప్రభుత్వమే పరిచి కూర్చుంటేనో?

ఇదేం కొత్త ఆలోచన కాదండీ! కౌటిల్యుడి అర్థశాస్త్రంలో జూదానికొక అధ్యక్షుడున్నాడు. అందరూ ఒకేచోట ఆడాలి. పాచికలు ఆయనే అద్దెకిస్తాడు. గెలిచినదాంట్లో నూటికి అయిదు రాజుగారికి. ఓడినవాడి ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో చూడ్డానికి ఏ అధ్యక్షుణ్ణీ వేసినట్టు లేదు.

తర్వాత కుంపిణీ దొరలు కూడా అదే దారి పట్టారు. 1817లో కలకత్తాలో లాటరీ కమిటీ పెట్టి, ఆ డబ్బుతో రోడ్లు వేయించారు. స్వతంత్రం వచ్చాక కేరళ ప్రభుత్వం 1967లో లాటరీ మొదలుపెట్టింది. టిక్కెట్టు రూపాయి, మొదటి బహుమతి యాభై వేలు. మరుసటి ఏడాది తమిళనాడు అందుకుంది.

రోడ్లూ ఆసుపత్రులూ వస్తే మంచిదేగా అంటారు. కానీ లెక్క చూడండి. వసూలైన సొమ్ములోంచే బహుమతులివ్వాలి, ఏజెంట్ల కమీషనివ్వాలి, ఆపైన ఖజానాకు మిగలాలి. అంటే కొన్నవాళ్లందరూ కలిసి ఓడితేనే సర్కారు గెలుస్తుంది. అది పన్నే, పేరు మాత్రం అదృష్టం. పైగా ఆదాయపు పన్ను ఉన్నవాణ్ణి వెతుక్కుంటూ వెళుతుంది. ఈ పన్ను ఆశ తప్ప ఏమీ లేనివాడి జేబు తడుముతుంది. కూలి డబ్బులు ఇల్లు చేరకముందే టిక్కెట్ల పాలవుతున్నాయని గోల పెట్టగా పెట్టగా, తమిళనాడు 2003లో లాటరీలు మాన్పించింది. కేరళ ఇంకా నడుపుతోంది. గోవాలో కాసినో ఓడలకు సర్కారే లైసెన్సులిస్తోంది.

ఇప్పుడు పేకముక్కలు సెల్‌ఫోన్లోకి వచ్చాయి. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లో నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ అడ్డుకట్ట వేస్తూ 2025లో కేంద్రం చట్టం చేసింది. పన్ను రాబడి పోతుందని వాపోయినవాళ్లూ ఉన్నారు!

తన్ను తాను ఓడిపోయినవాడు నన్నెలా పందెం ఒడ్డాడని ద్రౌపది నిండుసభలో అడిగింది. భీష్ముడంతటివాడు తేల్చి చెప్పలేకపోయాడు. మనమింకా అదే అడుగుతున్నాం. పిల్లల ఫీజుకని పోపుల డబ్బాలో దాచిన నోటు పందెంలోకి వెళ్లేటప్పుడు, దాచినదాన్ని ఎవరైనా అడిగారా? అందులో వాటా పుచ్చుకునేది ఏలినవారే అయితే, ఆ ఇల్లాలు ఎవరితో మొరపెట్టుకోవాలి?