డోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్: ఒక దినపు రైలు ప్రయాణము, ఒక చారిత్రక పరిశీలన

ఫిలింనగర్ ప్రాంతములో పరిచర్య చేయుచున్న మాకు గోపురములు కొత్త కావు. ప్లైవుడ్డుతోను, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోను వారము రోజులలో రాజగోపురమును నిలబెట్టగల పనివారు మా సంఘములోనే ఉన్నారు. షూటింగ్ ముగియగానే ఆ గోపురము లారీ ఎక్కును. కాబట్టి మా సంఘము కొత్త మందిరము కట్టుకొనదలచి, ముందుభాగము అచ్చముగా మెదక్ దేవాలయమువలె ఉండవలెనని కమిటీవారు నమూనా గీయించినప్పుడు, మాకు సంతోషముతోపాటు కొంత సందేహము కూడ కలిగినది. ఆ సందేహమును వెంటబెట్టుకొనియే కొందరు వేదాంత విద్యార్థులతో ఒక శనివారము తెల్లవారుజామున జూబ్లీహిల్స్ దిగి, సికింద్రాబాదు స్టేషనులో డోర్నకల్ రైలు ఎక్కితిమి.

మెదక్‌కు ఎందుకు వెళ్లలేదని విద్యార్థులు అడిగిరి. మెదక్‌ను చూడనివారు మాలో లేరు. చార్లెస్ వాకర్ పాస్నెట్‌గారు కరువు దినములలో ఆకలిగొన్నవారికి పని కల్పించుచు కట్టించిన ఆ మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాని ఘనతను మేము తక్కువ చేయము. అయితే అది ఇంగ్లాండు దేశపు గోతిక్ రూపము. (మెదక్ పట్టణమునకు రైలు 2022లో గాని రాలేదు. డోర్నకల్‌కు రైలు 1880లలోనే వచ్చినది.)

కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ దాటి రెండువందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. డోర్నకల్ జంక్షను అగుటకు కారణము ఇల్లందు వైపు చీలిన లైను. నిజాము కాలమున సింగరేణి బొగ్గును మోయుటకు వేసినది. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో స్వదేశీ మిషనరీ సంఘమును స్థాపించుకొని, తమ సొంత కానుకలతో, తమ సొంత మనుష్యులను పంపుటకు ఈ ప్రాంతమునే ఎన్నుకొనిరి. ఆ సంఘ స్థాపకులలో ముఖ్యులైన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1909లో తామే ఇక్కడికి వచ్చిరి. వై.ఎం.సి.ఎ.లో పేరుగల ఉద్యోగమును విడిచి, తమిళుడై యుండి తెలుగు నేర్చుకొని, పల్లెలలో తిరిగిరి. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కతీడ్రల్‌లో ఆయన బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో ఆయనే మొదటి భారతీయ బిషప్పు. దానికి రెండేండ్లముందు, 1910లో ఎడిన్‌బరో మహాసభలో నిలిచి, మిషనరీలు తమ ఆస్తులను, ప్రాణములను ఇచ్చిరి గాని స్నేహమును ఇవ్వలేదని నిర్మొగమాటముగా చెప్పినవారు ఆయనే. ఆ మాటకు కొందరు నొచ్చుకొనిరి.

కతీడ్రల్ 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠింపబడెను. తూర్పు దేశపు జ్ఞానులు తమ కానుకలు తెచ్చిన దినమును స్మరించు పండుగ అది. పేరునకు తగినట్లే కట్టడమును ఉన్నది. పైకి చూచినచో గుమ్మటములు, మీనారులవంటి చిన్న బురుజులు; నిజాము రాజ్యపు మసీదుల ఛాయ. లోపల అడుగుపెట్టినచో దక్షిణాది గుడి మండపమువలె చెక్కిన రాతి స్తంభములు. వాటి నడుమ సిలువ. మా సెట్టింగు పనివారిలో ఒకరు వెంట వచ్చిరి. ఆయన ఒక స్తంభముపై అరచేయి ఆనించి, "ఇది డొల్ల కాదు, అయ్యగారూ" అని నవ్విరి.

అక్కడే అసలు వాదము మొదలైనది. ఒక విద్యార్థి లేచి ఇట్లు అడిగెను: "అయ్యగారూ, ఈ డయోసిస్‌లో బాప్తిస్మము పొందినవారు అధికులు మాలలు, మాదిగలు. ఏ గుడి వారిని వాకిట నిలిపివేసెనో, ఆ గుడి స్తంభములనే మరల వారికి చూపుట న్యాయమా? గోతిక్ పరాయిది కావచ్చు, కాని అది వారిని ఎన్నడును తరిమివేయలేదు."

ఈ ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. అదే కాలమును తలంచుకొంటిమి. తిరువాన్కూరులో ఆలయప్రవేశ ప్రకటన 1936లో వచ్చినది. ఆ సంవత్సరములలోనే సామూహిక మతాంతరములనుగూర్చి గాంధీగారికిని అజరయ్యగారికిని తీవ్రమైన అభిప్రాయభేదము నడిచినది. క్రైస్తవుడైనవాడు పరదేశి అగును అను నింద గాలిలో ఉండెను. అట్టి సమయమున, శతాబ్దములపాటు చెక్కిన రాతిని దూరమునుండి మాత్రమే చూచిన ప్రజలను, ఆ రాతి మధ్యనే మోకరింపజేయుట చిన్న సంగతి కాదు. అది అరువు తెచ్చుకొనుట కాదు, హక్కును చేపట్టుట అని మా అభిప్రాయము. సొలొమోను సయితము తూరు పనివాడైన హీరామును పిలిపించి, స్తంభముల మీద తామరపువ్వులను, దానిమ్మపండ్లను చేయించెను గదా (1 రాజులు 7). ఆ విద్యార్థి ఈ జవాబుతో పూర్తిగా ఒప్పుకొనలేదు. అతని ప్రశ్నలో న్యాయమున్నదని మేమును ఒప్పుకొంటిమి. ఆనాటి పల్లె సంఘస్థులు ఏ రూపమును కోరుకొనియుందురో మన మిషను చరిత్రలు వ్రాసినవారు వారిని అడిగి వ్రాసినది బహు తక్కువ.

అజరయ్యగారు 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి. 1919 తరంగంబాడి సమావేశమునుండి ఆయన ప్రయాసపడిన సంఘైక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరినది. దానిని ఆయన కన్నులార చూడలేదు.

తిరుగు రైలులో కమిటీ నమూనాను మరల విప్పితిమి. సెట్టింగు పని చేయు సహోదరుడు పెన్సిలుతో కోసు కమాను మీద చిన్న గీత గీసి, ఇంత ఎత్తు మన బస్తీ సందులో నిలబడి తల ఎత్తినను కనబడదనెను. విద్యార్థి మాత్రము ఆ కాగితమును అడిగి తీసుకొని, వచ్చే ఆదివారము ఆరాధన తరువాత సంఘములోని పెద్దమ్మలకు చూపి వారేమందురో వ్రాసుకొని వచ్చెదననెను. కమిటీ సమావేశమును అంతవరకు వాయిదా వేసితిమి.