అరబ్బు తల్లి, జర్మన్ తండ్రి

జర్మనీలో ఇవాళ అరబ్బు ఆడగుర్రం ఉన్న ఇళ్లలో ఒక ఆశ తరచూ వినిపిస్తుంది. దానికి ఏ హానోవర్ గుర్రంతోనో, హోల్‌స్టైన్ గుర్రంతోనో చూడి కట్టిస్తే తల్లి ఊపిరి, తండ్రి ఎత్తు, దూకుడు కలిసిన పిల్ల పుడుతుందని, దాన్ని పోటీలకు దించవచ్చని. ఈ హానోవర్, హోల్‌స్టైన్, ట్రాకేనర్ జాతులన్నిటినీ కలిపి వార్మ్‌బ్లడ్ అంటారు. బరువు బండ్లు లాగే భారీ గుర్రాలకూ పందెపు గుర్రాలకూ నడుమ నిలిచే స్వారీ గుర్రాలివి. ఒలింపిక్స్‌లో అడ్డంకులు దూకేవీ, డ్రెసాజ్‌లో అడుగులు వేసేవీ చాలావరకు ఇవే. పైకి ఇది పశుపోషకుల ఇంటి విషయంలా ఉంటుంది కానీ, మూడు వందల ఏళ్లుగా ఈ దేశం నడిచిన తోవను ఇది తిరగేస్తోంది. ఇక్కడికి అరబ్బు రక్తం తండ్రుల ద్వారా వచ్చింది. తల్లులు మాత్రం ఈ నేల మీది రైతులవే. ఆ వరస ఎందుకు అలా ఉండేదో, ఎప్పుడు మారిందో చూస్తే జర్మనీ చరిత్రలో మంచి భాగమే కళ్లకు కడుతుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇక్కడి క్రీడాగుర్రం గొప్పతనమంతా వచ్చిన ప్రతి రక్తాన్నీ పరీక్షకు పెట్టి, ఫలితాన్ని పుస్తకంలో రాసి, తేలనిదాన్ని మొహమాటం లేకుండా పక్కన పెట్టిన అలవాటులో ఉంది.

1732లో ప్రష్యా రాజు మొదటి ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ తూర్పు ప్రష్యాలోని ట్రాకేనెన్‌లో అశ్వశాల పెట్టించాడు. సైన్యం తప్ప మరో లోకం తెలియని రాజు ఆయన. ఆ ఊరు ఇప్పుడు రష్యాలోని కాలినిన్‌గ్రాద్ ప్రాంతంలో ఉంది. మూడేళ్లకు, ఇంగ్లండ్ రాజూ హానోవర్ పాలకుడూ అయిన రెండో జార్జి సెలె పట్టణంలో మరొకటి పెట్టాడు. అది నేటికీ నడుస్తోంది. ఈ పద్ధతిలో మగగుర్రాలు ప్రభుత్వానివి, ఆడగుర్రాలు రైతులవి. ఎద కాలం వచ్చేసరికి ప్రభుత్వ గుర్రాలు పల్లెల్లోని కేంద్రాలకు చేరేవి. రైతు తన పొలం దున్నే ఆడగుర్రాన్నే అక్కడికి తోలుకెళ్లి దాటించుకునేవాడు. పుట్టిన పిల్లల్లో నిలిచినవాటిని సైన్యం కొనేది, మిగిలినవి నాగలికి వెళ్లేవి. ఊళ్లో నాటు ఆవుకు జెర్సీ సూది వేయించడం చూసినవాళ్లకు ఈ లెక్క కొత్తది కాదు. ఆడగుర్రం పదకొండు నెలలు మోసి ఒక్క పిల్లను ఈనుతుంది. మగగుర్రం ఒక్క ఎద కాలంలోనే ఎన్నో పిల్లలకు తండ్రి అవుతుంది. కాబట్టి దూరం నుంచి డబ్బు పోసి తెచ్చేది మగదాన్నే. పైగా బెదూయిన్ తెగలు యుద్ధానికి ఎక్కేది ఆడగుర్రాలనే. వాటిని అమ్మడానికి అంత సులువుగా ఒప్పుకునేవారు కారు, యూరప్ నుంచి వెళ్లినవాళ్లకు చేతికందింది ఎక్కువగా మగగుర్రాలే. ఇంగ్లిష్ పందెపు జాతి థరోబ్రెడ్‌కు మూలపురుషులుగా చెప్పే మూడూ తూర్పు దేశాల నుంచి వచ్చిన మగగుర్రాలే.

దీనికి మినహాయింపు దక్షిణాన ఉంది. వుర్టెంబెర్గ్ రాజు మొదటి విల్‌హెల్మ్ 1817లో ఎస్‌లింగెన్ దగ్గరి వైల్‌లో అచ్చమైన అరబ్బు మంద కట్టాడు. బైరక్తార్ అనే మగగుర్రం, మురానా అనే ఆడగుర్రం దానికి పునాది. ఆ మంద 1932లో మార్బాఖ్ అశ్వశాలకు చేరింది, అక్కడ ఇంకా ఉంది. రెండు శతాబ్దాలు రక్తాన్ని కల్తీ కాకుండా కాపాడారంటే శుద్ధత్వానికి విలువ ఉన్నట్టే కదా అని అడిగేవారున్నారు. ఉంది, కాదనను. అయితే ఆ విలువ నిల్వ సరుకుది. కావలసినప్పుడు అందులోంచి కొద్దిగా తీసి వేరే మందలో కలపడానికే క్రీడల లోకం దాని వైపు చూసింది. ట్రాకేనర్ సంఘం ఇప్పటికీ తన పుస్తకంలోకి ఇతర వార్మ్‌బ్లడ్ జాతులను రానివ్వదు కానీ అరబ్బు, దాని శాఖ షాగ్యా అరబ్బు, అరబ్బూ థరోబ్రెడ్డూ కలిసిన ఆంగ్లో అరబ్బు, థరోబ్రెడ్ గుర్రాలకు తలుపు తెరిచే ఉంచింది. తలుపు దగ్గర పరిశీలకులు మాత్రం కూర్చునే ఉంటారు. ఇక్కడి వంశావళి కాగితం చూస్తే పేరు పక్కన చిన్న గుర్తులుంటాయి: థరోబ్రెడ్ అయితే రెండు ఇంటూలు, అరబ్బు అయితే ఒక సున్నా, ఒక ఇంటూ. నాలుగు తరాల పేర్లలో ఏ రక్తం ఎక్కడ కలిసిందో వేలు పెట్టి చూపించవచ్చు. ట్రాకేనర్ పిల్లకు తల్లి పేరులోని మొదటి అక్షరంతోనే పేరు పెట్టాలనే నియమం మరొకటి. తల్లి సంగతి మరిచిపోయే వీలు లేదన్నమాట.

అరబ్బు రక్తం తల్లి వైపు నుంచి వచ్చి నిజంగా ఫలించిన సందర్భమూ ఉంది, దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. 1937లో పోలండ్‌లో రామ్జెస్ అనే బూడిద రంగు మగగుర్రం పుట్టింది. తండ్రి రిటర్‌స్పోర్న్ థరోబ్రెడ్. తల్లి జోర్దీ షాగ్యా అరబ్బు రక్తపుది. యుద్ధం తర్వాత అది వెస్ట్‌ఫాలియాలో బారన్ క్లెమెన్స్ ఫోన్ నాగెల్ నడిపిన ఫోర్న్‌హోల్జ్ అశ్వశాలకు చేరింది. దాని సంతానంలోని రేముస్ మీద హారీ బోల్ట్ 1964 టోక్యో ఒలింపిక్స్ డ్రెసాజ్‌లో వ్యక్తిగత రజతం గెలిచాడు. మరో సంతానం మరియానో మీద యోసెఫ్ నెకర్‌మన్ 1966లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. హోల్‌స్టైన్‌లో మిగిల్చిన కొడుకు రైమోండ్‌కు రమీరో పుట్టింది; రమీరో కూతురు రటీనా అడ్డంకుల పోటీల్లో 1992 బార్సిలోనాలో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం, 1996 అట్లాంటాలో జట్టు స్వర్ణం తెచ్చింది. అడుగుల పోటీకీ, దూకే పోటీకీ ఒకే గుర్రం సంతతి పనికిరావడం అరుదు. లెక్క కట్టి చూడండి: రామ్జెస్‌లో జోర్దీ పాలు సగం, రైమోండ్‌లో నాలుగో వంతు, రమీరోలో ఎనిమిదో వంతు, రటీనా దాకా వచ్చేసరికి పదహారో వంతు. ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు వచ్చిన పిల్లల్ని చూసి ఇది ఉంచుదాం, అది వద్దు అనుకున్నారు. ఈ దేశంలో అడుగు పెట్టిన అరబ్బు, ఆంగ్లో అరబ్బు గుర్రాలు ఎన్నో ఉన్నా ఇలా గుర్తుండిపోయినవి కొన్నే. ఇదే నా వాదనకు అసలు ఆధారం.

అరబ్బు రక్తం గొప్పతనానికి ఇక్కడివాళ్లు ఎక్కువగా చూపే రుజువు వేరే. 1945 జనవరిలో ఎర్ర సైన్యం దూసుకొస్తుంటే తూర్పు ప్రష్యా జనం గుర్రపు బండ్ల మీద గడ్డకట్టిన ఉప్పునీటి సరస్సుల్ని దాటి పడమరకు పారిపోయారు. ముందే ఊళ్లు ఖాళీ చేయనివ్వక ప్రాంతీయ నాజీ అధికారి ఎరిక్ కోఖ్ గడువు మింగేశాడు. చూడి గుర్రాలు బండ్లు లాగాయి. మంచు విరిగి బండ్లకు బండ్లే మునిగిపోయాయి. వేలల్లో ఉన్న జాతిలో పడమర తేలినవి వందల్లోనే. ఆ మిగిలినవాటితోనే 1947లో హాంబుర్గ్‌లో ట్రాకేనర్ సంఘం మళ్లీ పుట్టింది. అరబ్బు రక్తం ఇచ్చిన ఓర్పే వాటిని బతికించిందనే మాట చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. నాకు అది పరీక్షగా కనిపించదు. అదే దారిలో మామూలు భారీ గుర్రాలూ బండ్లు లాగాయి, అదృష్టం బాగున్న బండి ఒడ్డుకు చేరింది. జనం చచ్చిపోయిన చోట గుర్రాల గొప్పతనం వెతకడం నాకు మనసొప్పదు కూడా. ట్రాకేనెన్‌కు అంతకంటే మంచి రుజువులున్నాయి: కుర్ర గుర్రాలను వేటకుక్కల వెంట పరిగెత్తించి చూసేవారు, 1920లలోనే త్స్వియోన్‌లో మగగుర్రాలకు పరీక్షా కేంద్రం పెట్టారు.

రక్తం, పుస్తకం, ఎంపిక అంటూ ఇంత మురిసిపోతున్నావు, ఆ పిచ్చే కదా ఈ దేశాన్ని 1935 నురెంబెర్గ్ చట్టాల దాకా, ఆపై మారణహోమం దాకా లాక్కెళ్లింది అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. గుర్రాల లోకం ఆ మరకకు దూరంగా లేదు. ఆక్రమిత పోలండ్‌లో గుర్రాల పెంపకాన్ని చేతిలోకి తీసుకున్న గుస్తావ్ రౌ పెద్ద నిపుణుడే. పోలండ్ అశ్వశాలల అరబ్బు గుర్రాలను సొంత సొమ్ములా తరలించారు. అలా పోయిన వితేజ్ అనే మగగుర్రం 1945 ఏప్రిల్‌లో హోస్టౌ అశ్వశాలలో అమెరికా సైన్యానికి దొరికి, చివరికి అమెరికా చేరింది. యుద్ధం ముగిశాక అదే రౌ పశ్చిమ జర్మనీ స్వారీ క్రీడలను నిలబెట్టిన వారిలో ఒకడయ్యాడు, ఆ సంగతి ఇక్కడ అంత గట్టిగా చెప్పుకోరు. కానీ తేడా ఒకటుంది. ఆ చట్టాలు తాతల్ని చూసి మనిషి తలరాత రాశాయి, మనిషి ఏం చేసినా అది మారలేదు. గుర్రాల పుస్తకం తాతల పేర్లు రాసుకున్నా చివరికి బరిలో నిలిచిన గుర్రాన్నే అడుగుతుంది. దాని అనుభవమంతా కలయిక వైపే మొగ్గింది.

మరి తల్లి వరస ఎప్పుడు తిరగబడింది? ట్రాక్టర్ వచ్చాక. 1950లో పశ్చిమ జర్మనీలో గుర్రాలు సుమారు 15 లక్షలు. 1970 నాటికి దాదాపు రెండున్నర లక్షలు. నాగలి పోయింది, గుర్రపు దళం పోయింది, మిగిలినవి స్వారీకీ సరదాకీ. అరబ్బు ఆడగుర్రం మధ్యతరగతి ఇంటి పెంపుడు జంతువైంది. మేటి మగగుర్రం వీర్యం చల్లని పెట్టెలో కొరియర్‌లో ఇంటికే వస్తుంది. తండ్రి పరీక్షలన్నీ గట్టెక్కి వచ్చినవాడే. తల్లి మాత్రం అందంగా ఉందనో, మచ్చికగా ఉందనో, ఇంట్లో ఉంది కదా అనో తల్లి అవుతోంది. పాత పద్ధతిలో రైతు ఆడగుర్రం కనీసం నాగలి దగ్గర పరీక్ష రాసేది. ఇప్పటి సంకరంలో లోపం అరబ్బు రక్తంలో లేదు, తల్లి వైపు సగం కాగితం ఖాళీగా ఉండటంలో ఉంది.

కష్టాలు మరికొన్ని. అరబ్బు సాధారణంగా 145 నుంచి 155 సెంటీమీటర్లు. వార్మ్‌బ్లడ్ 160 దాటి ఉంటుంది. పిల్ల సగటున మధ్యలో వస్తుంది, కానీ లక్షణాలు విడివిడిగా సంక్రమిస్తాయి: చదునైన అరబ్బు వెనుక భాగం, వార్మ్‌బ్లడ్ బరువు రెండూ ఒకే దానికి పట్టుకోవచ్చు. అరబ్బుల ప్రాణాంతక రోగనిరోధక లోపమూ, వార్మ్‌బ్లడ్‌ల చర్మం చిట్లే లోపమూ తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే బయటపడతాయి; మొదటి సంకరంలో అవి చాలావరకు దాక్కుంటాయి తప్ప పోవు. మరోవైపు 160 కిలోమీటర్ల ఓర్పు పందాలను అరబ్బులూ వాటి సంకరాలూ ఏలుతున్నాయి. తల్లి అలాంటి దూరాలు తొక్కినదైతే ఈ కలయికను నేను గట్టిగా సమర్థిస్తాను. ఓర్పు పందానికీ, మైదానాలు దాటే ఈవెంటింగ్‌కూ, మరీ పొడవు కాని సాదా రౌతుకూ మంచి గుర్రం దొరుకుతుంది. ఒలింపిక్ దూకుళ్ల గుర్రం కావాలంటే జోర్దీ నుంచి రటీనాకు పట్టినన్ని తరాలు ఆగాలి.

మన వైపు చూస్తే, విజయనగరం రాయలు ఏటా పదమూడు వేల హొర్ముజ్ గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. వాటికి పుట్టిన పిల్లల వంశావళి పుస్తకం ఒక్కటీ మనకు మిగల్లేదు. గుర్రాల మీద డబ్బు పెట్టాలనుకునే తెలుగువారు ఎవరైనా ఉంటే, అరబ్బు సగం, జర్మన్ సగం అని అమ్మకానికి వచ్చిన పిల్లను చూసినప్పుడు తండ్రి పతకాల జాబితా చదవడం ఆపి, తల్లి ఏ పందెంలో ఎన్ని కిలోమీటర్లు తొక్కిందో కాగితం చూపించమని అడగండి. చూపించలేకపోతే బేరం మానుకోండి.