బత్తాయి కాయపై మొదటి సూది

సూది మందు వేయించుకునేటప్పుడు మనలో చాలామంది ముఖం పక్కకు తిప్పుకుంటాం. ఆ సూది పట్టుకున్న నర్సు ఆ విద్యను ఎక్కడ, ఎలా నేర్చుకున్నదో ఎన్నడైనా ఆలోచించారా? ఆ విద్యకు సుమారు 180 ఏళ్ల చరిత్ర ఉంది. అందులో మేలుతో పాటు మేము చేసిన పొరపాట్లూ ఉన్నాయి.

1844లో డబ్లిన్ నగరంలో ఫ్రాన్సిస్ రిండ్ అనే వైద్యుడు, ముఖంలో తీవ్రమైన నరాల నొప్పితో బాధపడుతున్న ఒక స్త్రీకి బోలు గొట్టం ద్వారా చర్మం కింద మందు చేర్చాడు. 1853లో ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్సులో చార్లెస్ ప్రావాజ్ ఎవరికి వారుగా సిరంజిని వాడారు. చాలాకాలం సూది వేయడం డాక్టరు పనిగానే ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెన్సిలిన్ వచ్చింది. ఆ రోజుల్లో దానిని రాత్రింబవళ్లు కొద్ది గంటలకొకసారి ఇవ్వవలసి వచ్చేది. అంత పనికి డాక్టర్లు ఎక్కడ సరిపోతారు? ఆ బాధ్యత క్రమంగా నర్సుల చేతికి వచ్చింది.

1970లలో నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు వార్డులో గాజు సిరంజిలు స్టెరిలైజరులో మరుగుతూ ఉండేవి. మొద్దుబారిన సూదులను రాతిపై సానపట్టి మళ్లీ వాడేవారు. నర్సింగ్ విద్యార్థినులు మొదట బత్తాయి కాయకు నీళ్లు ఎక్కించి చేయి కుదుర్చుకునేవారు. మా సిస్టర్ ట్యూటర్ గారి మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "అమ్మాయీ, కాయకు నొప్పి తెలియదు, మనిషికి తెలుస్తుంది. చేయి వణికితే ఆగు, సందేహం వస్తే అడుగు." ధైర్యమంటే వణుకు లేకపోవడం కాదనీ, చేస్తున్న పని తెలిసి ఉండడమనీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

పిరుదును ఊహలో నాలుగు భాగాలు చేసి, పైన బయటి వైపు భాగంలోనే సూది వేయాలని ఆమె పదేపదే చెప్పేవారు. చోటు తప్పితే సయాటిక్ నరం దెబ్బతిని పాదం వాలిపోవచ్చు. 1950లలో ఫన్ హోక్‌స్టెట్టర్ అనే స్విస్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త, పెద్ద నరాలకూ రక్తనాళాలకూ దూరంగా ఉండే తుంటి పక్క భాగం మరింత క్షేమమని చూపాడు. నేటి నర్సింగ్ పాఠాలు దానికే మొగ్గు చూపుతున్నాయి.

అయితే ఒక్క విషయంలో మేము ఘోరంగా పొరబడ్డాం. సూది మారిస్తే చాలు, సిరంజి అదే అయినా ఫరవాలేదని అనుకునేవాళ్లం. సూదిని ఊడదీసేటప్పుడు కంటికి కనిపించనంత రక్తం సిరంజిలోకి చేరగలదు. ఈ ప్రమాదాన్ని 1940లలోనే బ్రిటన్ వైద్యులు గుర్తించారు. నేను పనిచేసిన ఒక పల్లె ఆసుపత్రిలో రద్దీ రోజున ఒకే సిరంజితో వరుసగా ఎందరికో వేస్తుంటే నేను వారించలేదు. ఆ వరుసలో ఎవరికి ఏ జబ్బు అంటిందో నాకు ఎప్పటికీ తెలియదు.

ఈజిప్టులో నత్తల ద్వారా వ్యాపించే పరాన్నజీవి వ్యాధికి 1980ల వరకు దశాబ్దాల పాటు సామూహికంగా ఇంజెక్షన్లు ఇచ్చారు. సరిగా శుభ్రం కాని సిరంజిల వల్ల హెపటైటిస్-సి దేశమంతటా పాకింది. 2000 సంవత్సరంలో అరక్షిత ఇంజెక్షన్ల వల్ల ప్రపంచంలో 2.1 కోట్ల మందికి హెపటైటిస్-బి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలనే మళ్లీ వాడడం ఎందరి ప్రాణాలనో బలిగొన్నది.

1950లలో ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ సిరంజి వచ్చింది. తరువాత, ఒకసారి నొక్కితే మళ్లీ పనిచేయని సిరంజి వచ్చింది. టీకాలకు దీనినే వాడాలని 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ పిలుపునిచ్చాయి. వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టే పాత అలవాటును కూడా నేడు మాన్పిస్తున్నారు. అది నర్సు ప్రాణానికే ముప్పు.

నేటి విద్యార్థినులకు బత్తాయికి బదులు బొమ్మ శరీరాలు ఉన్నాయి. పాఠం మాత్రం అదే: మందు, మోతాదు, మనిషి సరిచూసుకో, చేతులు కడుక్కో, కొత్త సూది, కొత్త సిరంజి తీసుకో, వాడినదాన్ని వెంటనే సూదుల డబ్బాలో వేయి.

పాఠకులారా, మీకూ ఒక బాధ్యత ఉంది. సిరంజి కవరును మీ ఎదుటే విప్పమని అడగండి. మాత్రతో తగ్గే జబ్బుకు సూది కావాలని పట్టుబట్టకండి. పెద్ద సిస్టర్ పర్యవేక్షణలో ఒక చిన్న నర్సమ్మ మొదటిసారి మీ దగ్గరకు వస్తే విసుక్కోకుండా చేయి చాపండి. మీ ఓర్పు కూడా ఆమె చదువులో భాగమే.