పీటో గొట్టం: విమాన వేగమాపకం చరిత్ర

పీటో గొట్టం విమానానికి ఎదురొచ్చే గాలి ఒత్తిడిని కొలిచే సాధనం. పెద్ద జెట్ విమానాలలో ఇది ముక్కు పక్కన, కాక్‌పిట్ కిటికీలకు కింది భాగంలో, ముందుకు చూస్తూ బిగించి ఉంటుంది. చిన్న శిక్షణ విమానాలలో రెక్క కింద వేలాడుతుంది. చూడ్డానికి సన్నని లోహపు గొట్టం. కొసన ఒక రంధ్రం. కదిలే భాగం ఒక్కటీ లేదు. పైలట్ ముందున్న వేగసూచిక చూపే అంకె ఇక్కడే పుడుతుంది. దీన్ని కనిపెట్టేనాటికి మాత్రం విమానమే లేదు. అప్పుడు కొలవాలనుకున్నది నది నీటి వేగాన్ని.

ఆన్రీ పీటో (1695–1771) దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆరమోఁ ఊరివాడు. వంతెనలు, కాలువలు కట్టించిన జలశాస్త్ర ఇంజనీరు. ఆ కాలంలో నది వేగం తెలుసుకోవాలంటే నీటిపై ఏదైనా తేలే వస్తువును వదిలి, అది ఇంత దూరం పోవడానికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టేవారు. దానివల్ల పైపొర సంగతే తెలిసేది. లోతుకు పోయేకొద్దీ ప్రవాహం వడి పెరుగుతుందని పండితులు గట్టిగా నమ్మేవారు, కాదని చూపించే సాధనం ఎవరి దగ్గరా లేదు. పీటో ఒక చెక్క చట్రానికి రెండు గాజు గొట్టాలు అమర్చాడు. ఒకటి తిన్ననిది. రెండోదాని కింది కొస లంబంగా వంగి ప్రవాహానికి ఎదురుగా నోరు తెరుచుకుని ఉంటుంది. చట్రాన్ని నదిలో దించితే వంగిన గొట్టంలో నీరు పైకి ఎగబాకుతుంది. రెండు గొట్టాల మట్టాల మధ్య తేడా చూసి వేగం చెప్పవచ్చు. సెకనుకు ఒక మీటరు వేగానికి ఆ తేడా సుమారు 5 సెంటీమీటర్లు. వేగం రెట్టింపైతే తేడా నాలుగింతలు, అంటే 20 సెంటీమీటర్లు. పారిస్‌లో సేన్ నది మీద కొలిచి, లోతుకు పోతే వేగం పెరగడం లేదని, తగ్గుతోందని పీటో తేల్చాడు. ఆ పరిశోధనను 1732లో పారిస్ విజ్ఞాన అకాడమీ ముందు పెట్టాడు. ద్రవాల ప్రవాహంపై డేనియల్ బెర్నూలీ గ్రంథం అచ్చయింది 1738లో. సిద్ధాంతం కంటే ముందు పనిముట్టు వచ్చిందన్నమాట.

ఆ పనిముట్టుకు ఒక పెద్ద ఇబ్బంది ఉండేది. గొట్టాల్లో నీటి మట్టం నిలకడగా ఉండేది కాదు. పైగా తిన్నని గొట్టం తానే ప్రవాహాన్ని చెదరగొట్టి కొలతను పాడు చేసేది. నూరేళ్లకు పైగా గడిచాక, 1850లలో, ఫ్రాన్స్‌కే చెందిన ఆన్రీ డార్సీ గొట్టం మూతిని బాగా సన్నం చేసి, మట్టాన్ని అక్కడికక్కడే పట్టి నిలిపే కుళాయి పెట్టాక గాని అది నమ్మదగిన సాధనం కాలేదు. ఆ తరువాత జర్మనీలోని గెటింగెన్‌లో లుడ్విగ్ ప్రాంట్ల్ ఎదురు ఒత్తిడిని, ప్రవాహపు సహజ ఒత్తిడిని ఒకే గొట్టంతో అందుకునే రూపాన్ని ప్రచారంలోకి తెచ్చాడు.

1903 డిసెంబర్ 17న రైట్ సోదరుల విమానం ఎగిరినప్పుడు దాని మీద పీటో గొట్టం లేదు. ఉన్నవి ఫ్రాన్స్‌లో తయారైన తిరుగుడు రెక్కల గాలిమాపకం, ఒక స్టాప్‌వాచ్, ఇంజన్ చుట్లు లెక్కించే యంత్రం. తొలినాళ్ల పైలట్లు ముఖానికి తగిలే గాలిని బట్టి, రెక్కలను బిగించి కట్టిన తీగల చప్పుడును బట్టి వేగాన్ని అంచనా వేసేవారు. ఈ అంచనా తప్పితే ప్రాణం మీదికొచ్చేది. వేగం మరీ తగ్గి, దాన్ని సరిదిద్దబోయి ముక్కు ఇంకా పైకెత్తితే రెక్కల మీది గాలి విడిపోయి విమానాన్ని మోసే శక్తి పోతుంది. దీన్నే స్టాల్ అంటారు. పాత ప్రమాదాల్లో చాలావాటి వెనుక ఉన్నది ఇదే. అందుకే మొదటి ప్రపంచ యుద్ధ కాలానికి పీటో గొట్టంతో పనిచేసే వేగసూచిక విమానాల్లో మామూలు వస్తువైపోయింది.

దాని పనితీరు చిత్రమేమీ కాదు. బస్సు కిటికీలోంచి అరచేయి బయటపెడితే వెనక్కి నెట్టే గాలి ఒత్తిడినే ఈ గొట్టం పట్టుకుంటుంది. ఆ ఒత్తిడి పలుచని లోహపు డబ్బీలోకి చేరుతుంది. విమానం పక్కభాగాన ఉండే చిన్న రంధ్రాల ద్వారా చుట్టూ ఉన్న గాలి మామూలు ఒత్తిడి ఆ డబ్బీ బయటి గదిలోకి వస్తుంది. వీటిని స్టాటిక్ రంధ్రాలంటారు. లోపలి ఒత్తిడి ఎక్కువైన మేర డబ్బీ ఉబ్బుతుంది, ముల్లు కదులుతుంది. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో విమానం దిగబోతున్నప్పుడు ఈ తేడా వాతావరణ పీడనంలో నూటికి మూడు వంతులైనా ఉండదు. ఎత్తుమాపకానికి కూడా స్టాటిక్ రంధ్రాలే ఆధారం. 1928లో పాల్ కోల్స్‌మన్ రూపొందించిన సున్నితమైన ఎత్తుమాపకం, విమానం వంపును, దిశను చూపే స్పెర్రీ జైరో పరికరాలు తోడయ్యాక, 1929 సెప్టెంబర్ 24న పైలట్ జిమ్మీ డూలిటిల్ న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో కాక్‌పిట్‌ను పూర్తిగా కప్పేసుకుని, పరికరాలనే నమ్మి పైకెగిరి మళ్లీ దిగాడు. ముందు సీట్లో రక్షణ కోసం మరో పైలట్ కూర్చున్నా, నియంత్రణలు ముట్టుకోలేదు.

ఇక్కడ ఒక సంగతి మరచిపోకూడదు. వేగసూచిక ముల్లు కొలిచేది వేగాన్ని కాదు, ఒత్తిడిని. 35,000 అడుగుల ఎత్తులో గాలి సాంద్రత సముద్ర మట్టంలో ఉన్నదానిలో మూడోవంతు కన్నా తక్కువ. కాబట్టి విమానం గంటకు 850 కిలోమీటర్లతో పోతున్నా సూచిక 500 దగ్గర చూపుతుంది. ఇది లోపమని కొత్తవాళ్లు అనుకుంటారు. రెక్కలకు మోసే శక్తినిచ్చేది కూడా ఆ ఒత్తిడే గనుక పైలట్‌కు కావలసిన అంకె నిజానికి ఇదే. జీపీఎస్ ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవారికి జవాబూ ఇందులోనే ఉంది. జీపీఎస్ చెప్పేది నేల మీది వేగం. వెనుక నుంచి బలమైన గాలి తోస్తుంటే ఆ అంకె ఘనంగానే ఉంటుంది, రెక్కలు మాత్రం స్టాల్‌కు దగ్గరలో ఉండవచ్చు.

పీటో గొట్టానికి ఉన్న బలహీనత ఒక్కటే. రంధ్రం తెరిచి ఉండాలి. మంచు పట్టకుండా గొట్టానికి విద్యుత్ వేడి పెడతారు. 1974 డిసెంబర్ 1న న్యూయార్క్ రాష్ట్రంలో ఒక బోయింగ్ 727 ఆ హీటర్లు వేయకుండానే మేఘాల్లోకి ఎక్కింది. మంచుతో మూసుకున్న గొట్టంలో పాత ఒత్తిడి చిక్కుకుపోయింది. విమానం పైకెళ్లే కొద్దీ బయటి ఒత్తిడి తగ్గి డబ్బీ ఉబ్బుతూ పోయింది, అంటే వేగసూచిక ఎత్తుమాపకంలా పనిచేయడం మొదలుపెట్టింది. వేగం అదుపు తప్పుతోందనుకుని సిబ్బంది ముక్కు పైకెత్తారు. విమానం స్టాలై కూలింది, లోపలున్న ముగ్గురూ చనిపోయారు.

1996లో రెండు బోయింగ్ 757లు ఇదే కోవలో పోయాయి. ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటా దగ్గర 189 మంది మరణించారు. మూతలు లేకుండా నేల మీద నిలిచిన ఆ విమానపు పీటో గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉండవచ్చని దర్యాప్తు అభిప్రాయపడింది. అక్టోబర్ 2న పెరూలోని లీమా నుంచి బయలుదేరిన విమానంలో తప్పు మరోచోట జరిగింది. కడిగేటప్పుడు స్టాటిక్ రంధ్రాలకు అంటించిన టేపును తీయడం మరిచారు. రాత్రి సముద్రం మీద ఎత్తు ఎంతో తేల్చుకోలేక పైలట్లు కంట్రోలర్‌ను అడిగారు. అతని రాడార్ తెరపై కనిపించిన ఎత్తు విమానం తానే పంపుతున్న సమాచారం. అంటే తప్పుడు అంకెకు తప్పుడు అంకే సాక్ష్యం చెప్పింది. 70 మందీ మరణించారు. ఈ మొత్తం చరిత్రలో ఇంతకన్నా కలవరపెట్టే ఘట్టం మరొకటి లేదు.

2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్‌బస్ ఎ330లో గొట్టాలు మూడూ వేడిగానే ఉన్నాయి. అయినా ఉరుముల మేఘాల్లోని మంచు స్ఫటికాలు వాటిని నింపేశాయి. వేగం అంకెలు పొంతన లేకుండా పోయింది నిమిషం పాటే. ఆటోపైలట్ తప్పుకుంది, ముక్కు పైకి లేచింది, నాలుగున్నర నిమిషాల్లోపే విమానం అట్లాంటిక్‌లో పడింది. 228 మంది పోయారు. ఆ రకం గొట్టాలను మార్చమని యూరప్ అధికారులు ఆదేశించారు. అంతకన్నా పెద్ద మార్పు శిక్షణలో వచ్చింది. వేగం అంకెను నమ్మలేనప్పుడు ముక్కు కోణాన్ని, ఇంజన్ శక్తిని తెలిసిన విలువల దగ్గర నిలపాలన్న పాత సూత్రాన్ని పైలట్ల చేత మళ్లీ మళ్లీ సాధన చేయిస్తున్నారు.

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో కందిరీగల బెడద ఎంతంటే, కొద్ది గంటలు ఆగే విమానాలకు కూడా మూతలు తొడుగుతారు. 2018 జూలైలో కౌలాలంపూర్ వెళ్లే ఒక ఎ330 ఆ మూతలు తీయకుండానే గాల్లోకి లేచింది. మూడు గొట్టాలూ మూసుకున్నా సిబ్బంది దాన్ని క్షేమంగా వెనక్కి దించారు. అలాంటి వేళల కోసం కొన్ని ఎయిర్‌బస్ విమానాల్లో ప్రత్యామ్నాయ వేగపట్టీ ఉంటుంది. అది పీటో ఒత్తిడిని పట్టించుకోదు, గాలి రెక్కను తాకే కోణాన్ని బట్టి పనిచేస్తుంది. దాని మీద అంకెలుండవు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలుంటాయి. పైలట్ ఆకుపచ్చలో ఉండేలా చూసుకుంటే చాలు.