పదమూడో గేటు నుంచి విస్సన్నపేట దాకా

2023 నవంబరు 29. బుధవారం అర్ధరాత్రి కావస్తోంది. తెల్లారితే తెలంగాణలో అసెంబ్లీ పోలింగు. ఆ రాష్ట్ర పోలీసులు ఊరూరా పోలింగు కేంద్రాల కాపలాలో తలమునకలై ఉన్నారు. నాగార్జునసాగర్ డ్యామ్ మీద పెద్దగా బలగం లేదు.

కుడిగట్టు వైపు నుంచి ఆంధ్రప్రదేశ్ పోలీసులు వచ్చారు. వాళ్ల వెనకే జలవనరుల శాఖ ఇంజినీర్లు. డ్యామ్‌కు మొత్తం 26 క్రస్ట్ గేట్లు. సగం లెక్కన పదమూడో గేటు దగ్గర ఆగారు. అడ్డంగా బారికేడ్లు పెట్టి ముళ్లకంచె చుట్టారు. ఇటు మాది, అటు మీది.

వచ్చినవాళ్లు సుమారు 500 మంది సాయుధులని, సీసీ కెమెరాలు ధ్వంసం చేశారని, కుడి కాలువ హెడ్ రెగ్యులేటర్‌లో 5, 7 నంబర్ల గేట్లు ఎత్తి దాదాపు 5,000 క్యూసెక్కులు వదిలారని తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి శాంతికుమారి ఆ తర్వాత కేంద్రానికి చెప్పారు. రాష్ట్ర విభజన చట్టం ప్రకారం మాకు దక్కాల్సిన నీళ్లే తీసుకున్నామని, అదీ తాగడానికని ఆంధ్రప్రదేశ్ జలవనరుల మంత్రి అంబటి రాంబాబు బదులిచ్చారు.

పొద్దున్నే తెలంగాణ ఓటర్లు బూత్‌ల ముందు వరస కట్టారు. కుడి కాలువలో నీళ్లు పారుతున్నాయి. టీవీలు రెండింటినీ పక్కపక్కన చూపించాయి.

లెక్క ఎక్కడ తెగింది?

ఆ ఏడు కృష్ణమ్మ ముఖం చాటేసింది. ఎగువ నుంచి సరైన వరద లేదు. సాగర్ నిండితే 590 అడుగులు. కాలువలకు నీళ్లివ్వాలంటే కనీసం 510 అడుగులు ఉండాలి. నవంబరు చివరికి మట్టం ఆ కింది గీతకు దగ్గర పడింది. ఆ మిగిలిన నీళ్లలోనే హైదరాబాద్ తాగునీళ్లు, నల్గొండ తాగునీళ్లు, పల్నాడు, ప్రకాశం జిల్లాల చెరువులు నింపే నీళ్లు.

కృష్ణా నదీ యాజమాన్య బోర్డు అంతకుముందే ఒక పంపకం చేసింది. కుడి కాలువకు 15 టీఎంసీలు, మూడు విడతలుగా. అక్టోబరులో 5, జనవరిలో 5, ఏప్రిల్‌లో 5. అంటే నవంబరు 30న తీసుకోవడానికి బోర్డు ఉత్తర్వు లేదు. ఆ మాటే చెబుతూ, వెంటనే నీళ్లు ఆపమని బోర్డు ఆంధ్రప్రదేశ్‌కు లేఖ రాసింది.

అసలు వాటాల కథ చాలా పాతది. కృష్ణా నీళ్లను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించింది. అందులో సాగర్ కుడి కాలువకు 132, ఎడమ కాలువకు 132. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఆ 811ని ఎలా పంచాలన్నది తేలలేదు. 2015లో రెండు రాష్ట్రాలూ ఢిల్లీలో కూర్చుని, ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని తాత్కాలికంగా రాసుకున్నారు. తాత్కాలికం ఏటా పొడిగింపయింది. శ్రీశైలం ఆంధ్ర చేతిలో, సాగర్ తెలంగాణ చేతిలో ఉండిపోయాయి.

డ్యామ్ మీద తోపులాట కూడా కొత్త కాదు. 2015 ఫిబ్రవరి 13న ఇదే చోట, ఇదే కుడి కాలువ నీళ్ల కోసం రెండు రాష్ట్రాల పోలీసులు కలబడ్డారు. మర్నాడు గవర్నర్ నరసింహన్ ఇద్దరు ముఖ్యమంత్రులను రాజ్‌భవన్‌కు పిలిపించి సర్దిచెప్పారు. ఎనిమిదేళ్ల తర్వాత ఆ పని కేంద్ర హోం కార్యదర్శి అజయ్ భల్లా మీద పడింది. డిసెంబరు 1న వీడియో కాన్ఫరెన్స్ పెట్టి, నవంబరు 28 నాటి స్థితికి వెనక్కి వెళ్లమన్నారు. డ్యామ్ కాపలా సీఆర్‌పీఎఫ్‌కు అప్పగించారు. రెండు వైపులా సరే అన్నారు.

గేటు పట్టుకుంటే సరిపోదు

ఆ గొడవంతా కుడి కాలువది. డ్యామ్ దాటగానే ఆ కాలువ ఆంధ్ర నేల మీద పడుతుంది. గేటు మీ చేతికొస్తే నీళ్లు మీవే.

ఇదే పద్ధతి విస్సన్నపేటకు పనికొస్తుందా?

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు డివిజన్‌లోని విస్సన్నపేట సాగర్ ఎడమ కాలువకు చివరి కొస. ఇంజినీర్ల భాషలో మూడో జోను. తిరువూరు, గంపలగూడెం, ఎ.కొండూరు, రెడ్డిగూడెం, మైలవరం, నూజివీడు, చాట్రాయి అన్నీ ఆ జోనే. ఎడమ కాలువ హెడ్ రెగ్యులేటర్ తెలంగాణ గట్టున ఉంది. అక్కణ్నుంచి నీళ్లు నల్గొండ, సూర్యాపేట జిల్లాలు దాటి, పాలేరు జలాశయంలో దిగి, మళ్లీ బయల్దేరి ఖమ్మం జిల్లా అంతా తిరిగి, రెండు వందల కిలోమీటర్ల పైన నడిచాక ఆంధ్ర సరిహద్దులో అడుగు పెడతాయి. ఆ దారిలో ఉన్న మేజరు, మైనరు కాలువలు, తూములు అన్నింటి దగ్గరా ముళ్లకంచె వేయగల పోలీసు బలగం ఏ రాష్ట్రానికీ లేదు.

1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కు పునాది రాయి వేసినప్పుడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలినప్పుడు ఈ చివరి కొస గురించి ఆలోచించకపోలేదు. ఏ పొలానికి మాగాణి నీళ్లు, ఏ పొలానికి ఆరుతడి నీళ్లు అని ముందే గీతలు గీశారు. కాగితం మీద చివరి ఎకరానికీ నీళ్లున్నాయి. ఆచరణలో కాలువ తలాపున ఉన్న రైతు ఆరుతడి భూమిలో కూడా వరే నాటాడు. నీళ్లు కళ్ల ముందు పారుతుంటే జొన్న ఎవరు వేస్తారు? ఆ ఆశను తప్పుపట్టడం కష్టం. కానీ పైన పారిన ప్రతి అదనపు తడీ కింద ఎండిన ఒక తడి.

డ్యామ్ దగ్గర లెక్కలన్నీ టీఎంసీల్లో ఉంటాయి. ఒక టీఎంసీ అంటే 22,957 ఎకరాల్లో అడుగు ఎత్తున నిలబడే నీళ్లు. 11,574 క్యూసెక్కులు ఒక పగలూ రాత్రీ ఆగకుండా పారితే టీఎంసీ అవుతుంది. నవంబరు 30న వదిలారన్న 5,000 క్యూసెక్కులు రోజంతా పారినా అర టీఎంసీ కాదు. ఎడమ కాలువ మొదట్లో 11,000 క్యూసెక్కులు పట్టేలా తవ్వారు. డ్యామ్ దగ్గర ఇచ్చిన నీళ్లెన్ని, సరిహద్దులో అందినవెన్ని, దారిలో ఇంకినవెన్ని, దారి మళ్లినవెన్ని? ఈ నాలుగు ప్రశ్నల మీదే రెండు రాష్ట్రాల ఇంజినీర్లు బోర్డు సమావేశాల్లో ఏటా వాదించుకుంటారు. దారి నష్టం ఎక్కువ చూపిస్తే ఆంధ్ర ఒప్పుకోదు, తక్కువ చూపిస్తే తెలంగాణ ఒప్పుకోదు.

మైనరు చివర

వాదన బోర్డు గదిలో ముగుస్తుంది. మైనరు చివర మాత్రం ఏటా కొత్తగా మొదలవుతుంది. మూడో జోనులో ఏ తూము దగ్గర నిలబడినా ఇంచుమించు ఈ మాటలే వినపడతాయి. సైకిలు గట్టుకు ఆనించి, కాలువ చూసుకునే లస్కరు తూము తలుపు మర తిప్పుతుంటాడు. పక్కన భుజం మీద తువ్వాలుతో ఒక రైతు.

"ఏరా అబ్బాయ్, నీళ్లు వదిలారని పేపర్లో వేశారు. ఎప్పటికొస్తాయి?"

"పేపర్లో నిన్నే వచ్చాయి బాబాయ్. కాలువలోకి రావాలిగా."

"పైన తూములు కట్టించలేకపోయావా?"

"పొద్దున కట్టొస్తా. రాత్రికి విప్పుతారు. నేనొక్కణ్ని, వాళ్లు ఊరంతా."

గట్టు మీద కాస్త నడిస్తే ఆ జవాబు అర్థమవుతుంది. తూము తలుపు కింద గడ్డి కుక్కిన గోనె సంచి అడ్డం పెట్టి ఉంటుంది. తలుపు పూర్తిగా దిగదు, నీళ్లు సన్నగా జారుతూనే ఉంటాయి. ఇంకొంచెం ముందుకెళితే గట్టును తొలిచి దూర్చిన పైపు, పైన తుంగ కప్పి. కాలువ పక్కన డీజిలు ఇంజను, నీళ్లలోకి దిగిన రబ్బరు గొట్టం. ఇవేవీ టీఎంసీ లెక్కలోకి రావు. అన్నీ కలిస్తే చివరి వంద ఎకరాల నీళ్లు.

దీనికి మందు కనిపెట్టలేదని కాదు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల చేతికే కాలువలిస్తూ చట్టం చేసింది. ఆ ఏడాదే పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. దేశమంతా వచ్చి చూసిన ప్రయోగం అది. పూడిక తీత, గట్ల మరమ్మతు, వారబందీ సంఘానివే. వారబందీ అంటే వంతు. ఈ తూముకు ఇన్ని గంటలు, ఆ తూముకు అన్ని గంటలు. చాలాచోట్ల చివరి రైతుకు ముందు తడి ఇచ్చి పైకి రావాలన్న నియమం పెట్టుకున్నారు. పెట్టుకున్న చోట ఫలించింది. తర్వాత సంఘాలు పడకేశాయి, ఎన్నికలు ఏళ్ల తరబడి ఆగాయి, వంతు పుస్తకాలు అటకెక్కాయి. 2010లో ప్రపంచ బ్యాంకు సుమారు 45 కోట్ల డాలర్ల రుణంతో సాగర్ కాలువల ఆధునికీకరణ మొదలైంది. లైనింగు పడింది, షట్టర్లు మారాయి. మర తిప్పే మనిషి వెనక నిలబడే సంఘం మాత్రం బలపడలేదు.

అలాంటి సంఘం నిలబడిన చోటు లేకపోలేదు. స్పెయిన్‌లోని వలెన్సియాలో రైతులే ఎన్నుకున్న నీటి పంచాయతీ ఒకటుంది. ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి గుమ్మం ముందు కూర్చుని కాలువ తగవులు అక్కడికక్కడే తీరుస్తుంది. రాతకోతలు లేవు, లాయర్లు లేరు. శతాబ్దాలుగా నడుస్తోంది. 2009లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. కాలువ తగవును కాలువ మీదే తీర్చుకున్న ఊళ్లకు డ్యామ్ మీద పోలీసుల అవసరం రాలేదు.

బోరు చెప్పే నిజం

కాలువ మీద నమ్మకం సడలిన చోట బోరు దిగుతుంది. విస్సన్నపేట, నూజివీడు వైపు మామిడి తోటలకు బోరే ఆధారం. ఆయిల్‌పాం, మొక్కజొన్న, మిర్చి వేసిన చోటా అంతే. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరు వేయాలంటే అనుమతి కావాలి. భూగర్భ జలాన్ని అతిగా తోడేసిన గ్రామంగా ప్రకటిస్తే సాగుకు కొత్త బోరు కుదరదు. చట్టం మంచిదే. కానీ కాలువ నీళ్లు రాని ఊళ్లో బోరు వద్దని రైతుకు చెప్పాలంటే ఏ అధికారికైనా నోరు రావాలిగా.

పక్కనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బులు ఏళ్లుగా వార్తల్లో ఉన్నాయి. అక్కడి బోరు నీళ్ల మీద అనుమానంతో ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లు పైపుల్లో తెచ్చే పని ప్రభుత్వం చేపట్టింది. ఈ మెట్టలో కాలువ నీళ్లంటే పంట ఒక్కటే కాదు.

అందుకే మరో దారి వెతికారు. కృష్ణ రాకపోతే గోదావరి. 2008లో చింతలపూడి ఎత్తిపోతల పథకం మొదలైంది. తర్వాత పెంచి, 4.80 లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలని, సాగర్ ఎడమ కాలువ కింద ఆంధ్ర ఆయకట్టును నిలబెట్టాలని లక్ష్యం పెట్టుకున్నారు. పర్యావరణ అనుమతుల దగ్గర బండి ఆగింది. 2021 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ పథకానికి 73.6 కోట్ల రూపాయల పరిహారం విధించింది. అనుమతి ముందు తెచ్చుకుని ఉంటే ఆ సొమ్ము మోటార్లకు పనికొచ్చేది. ఏళ్లు కలిసొచ్చేవి.

నీళ్లున్నా రాని ఏడు

డ్యామ్ మీద కంచె కట్టి వారం తిరగకుండానే, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్లలో పడుకుంది. ఏ నీళ్ల కోసం కొట్టుకున్నారో అవి డ్యామ్‌కు దిగువన, పట్టి ఉంచే చోటు లేని చోట కురిశాయి.

మరుసటి ఏడు కథ తిరగబడింది. 2024లో సాగర్ నిండింది, గేట్లెత్తారు. సెప్టెంబరు 1న కుండపోత. బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. ప్రకాశం బ్యారేజీ చరిత్రలో లేనంతగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద దాటింది. అదే వానకు సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర ఎడమ కాలువకు గండి పడింది. డ్యామ్ నిండా నీళ్లు. గేటు దగ్గర గొడవ లేదు, బోర్డు అభ్యంతరం లేదు, వాటా తగువు లేదు. అయినా ఆ గండి పూడే వరకు దిగువకు సాగర్ నీళ్లు పారలేదు. విస్సన్నపేట రైతు వాటా సూర్యాపేట జిల్లా పొలాల్లోకి పోయింది, అక్కడి రైతు పంటను ముంచి మరీ.

2023లో గేటు గెలిచినవాళ్లు రెండు రోజులకే వెనక్కి తగ్గడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. 2024లో గేటు తెరిచే ఉన్నా కాలువ మధ్యలో తెగింది. చివరి కొసకు నీళ్లు రావాలంటే గట్టి గట్టు కావాలి, సరిహద్దులో పారే నీళ్లను కొలిచే, రెండు రాష్ట్రాలూ కలిసి చదివే గేజీ కావాలి, వంతు తప్పని తూము కావాలి. మొదటి రెండూ ప్రభుత్వాల పని.

మూడోది ఊళ్ల చేతిలో ఉంది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో నీటి సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. కొత్త అధ్యక్షులు వచ్చారు. వాళ్లు వెంటనే చేయగలిగిందీ, పైసా ఖర్చు లేనిదీ ఒకటుంది. రోజూ పొద్దున సరిహద్దు గేజీ ఎంత చూపిందో, ఏ మైనరుకు ఎన్ని గంటలు ఇచ్చారో పంచాయతీ గోడ మీద సుద్దతో రాయించడం. పైరైతు దాన్ని చదువుతాడు, కింది రైతూ చదువుతాడు. రాత్రి తూము విప్పినవాడి పేరు ఊళ్లో ఎవరికీ తెలియనిది కాదు. పక్కనే అంకె కూడా ఉంటే, లస్కరు ఒంటరిగా జవాబు చెప్పుకోవాల్సిన పని ఉండదు.